అర్ధరాత్రి 41 నిమిషాల కాల్: హెల్ప్‌లైన్‌లో అవతలివాళ్ళు అసలు ఏం మాట్లాడతారు?

నిద్రపట్టని_అమ్మ
బుధవారం, రాత్రి 10:52

మా అమ్మాయికి పదహారేళ్ళు. నిన్న నా ఫోనులో చార్జింగ్ అయిపోయి, తన ఫోను అడిగి తీసుకున్నాను. కాల్స్ జాబితాలో అన్నిటికన్నా పైన పేరు లేని చిన్న నంబరు ఒకటి కనిపించింది. రాత్రి 1:10కి చేసిన కాల్, 41 నిమిషాలు. ఏ నంబరో అని వెతికితే కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ అని తెలిసింది. చేయాల్సిన కాల్ చేయకుండానే ఫోను తిరిగి ఇచ్చేశాను.

ఆ సమయంలో నేను పక్క గదిలోనే ఉన్నాను, మెలకువగా కూడా ఉన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి నలభై నిమిషాలు చెప్పుకోగలిగినది నాకు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేకపోయింది? అదొక బాధ. ఇక భయం సంగతి: అవతలివాళ్ళు ఏం చెప్పి ఉంటారు? ఇంట్లోవాళ్ళ మీద ఎక్కించి ఉంటారా? మందులేవైనా వేసుకోమన్నారా? అలాంటి చోట పనిచేసినవాళ్ళు గానీ, ఎప్పుడైనా ఫోను చేసినవాళ్ళు గానీ ఇక్కడ ఉంటే దయచేసి చెప్పండి. నేను చూశానని తనతో అనాలా, వద్దా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

సూటిమాట
బుధవారం, రాత్రి 11:20

నా మాట మీకు నచ్చకపోవచ్చు. చాలా హెల్ప్‌లైన్లలో ఫోనెత్తేది డాక్టర్లు కాదు, కొంతకాలం శిక్షణ పొందిన వలంటీర్లు. ఊకొట్టడానికి శిక్షణ ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జ్వరం వస్తే దారినపోయేవాణ్ణి అడగం కదా, మనసు విషయంలో మాత్రం ఎందుకు? పిల్ల ఇబ్బంది పడుతున్నదని తెలిసింది కాబట్టి నేరుగా నిపుణుల దగ్గరికి తీసుకువెళ్ళండి.

పాత_వలంటీరు
గురువారం, ఉదయం 6:15

నేను ఆరేళ్ళు రాత్రి షిఫ్టు చేశాను. వారానికి ఒకటి, తొమ్మిది నుంచి రెండు దాకా.

సూటిమాట గారూ, ఆ ఊకొట్టడమే నాకు వంటబట్టడానికి నెలలు పట్టింది. మొదట్లో నా పక్కన ఒక పెద్దావిడ రెండో హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చునేవారు. నేను సలహా ఇవ్వబోయిన ప్రతిసారీ పెన్సిలుతో బల్ల మీద ఒకసారి తట్టేవారు. మొదటి షిఫ్టులో ఆ పెన్సిలు చప్పుడు ఎన్నిసార్లు వినిపించిందో చెప్పుకుంటే పరువు పోతుంది. ‘నువ్వు బాగా చదువుకుంటే అన్నీ సర్దుకుంటాయి’, ‘మీ అమ్మానాన్నలు నీ మంచికే చెబుతారు’, ‘ఇంతకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా’: ఇవన్నీ నా నోటి చివరే ఉండేవి. మనందరి నోటి చివరా ఉంటాయి. అవతల ఉన్న పిల్లలు వాటిని అప్పటికే నూరుసార్లు విని ఉంటారు.

అమ్మగారూ, మీరు అడిగినదానికి వస్తాను. నేను పనిచేసిన చోట మందుల పేరు ఎత్తడానికి వీల్లేదు. ఇంట్లోవాళ్ళది తప్పని తీర్పు చెప్పడానికీ వీల్లేదు. ‘మా అమ్మ నన్ను అర్థం చేసుకోదు’ అని ఒక పిల్ల అంటే, ‘అవును, కొందరు తల్లులు అంతే’ అనం. ‘అర్థం చేసుకోలేదని నీకు ఎప్పుడు గట్టిగా అనిపించింది?’ అని అడుగుతాం. అక్కడినుంచి అసలు సంగతి మొదలవుతుంది.

కాల్ ఎలా నడుస్తుందంటే, తొలి ఒకటి రెండు నిమిషాలు చాలావరకు మౌనమే. శ్వాస వినిపిస్తుంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. కొందరు మాట్లాడకుండానే పెట్టేసి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చేస్తారు. మేము అనేది ఇంతే: ‘నేను వింటున్నాను. తొందరేమీ లేదు. మీరు పెట్టేదాకా నేను పెట్టను.’ కుర్రవాళ్ళు ఆకతాయితనంగా చేసే కాల్స్ కూడా ఉంటాయి, కిసుక్కున నవ్వి పెట్టేస్తారు. వాటి మీద విసుక్కోవద్దని మాకు గట్టిగా చెప్పేవారు. ఫోనెత్తేవాళ్ళు కసురుకుంటారా లేదా అని చూడటానికి కొందరు ముందు అలా చేస్తారు, అసలు కాల్ తర్వాత వస్తుంది.

‘పెద్ద విషయమేమీ కాదు, ఊరికే చేశాను’ అని మొదలైతే నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేవాణ్ణి.

41 నిమిషాలు అంటే మీ అమ్మాయి మాట్లాడింది. అవతలివాళ్ళు అంతసేపు ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఏ పదహారేళ్ళ పిల్లా వినదు, నాలుగో నిమిషంలో పెట్టేస్తుంది.

నిద్రపట్టని_అమ్మ
గురువారం, ఉదయం 7:02

ఆ చివరి మాట చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంకొకటి అడగాలి, అడగడానికే చేతులు ఆడటం లేదు. వాళ్ళు చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడుగుతారట కదా? లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అది?

మనోవైద్య_విద్యార్థి
గురువారం, మధ్యాహ్నం 1:40

కాదండీ. ఈ భయం అందరికీ ఉంటుంది, మొదటి ఏడాది నాకూ ఉండేది. నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, పెరగదు అని ఇప్పటికి ఎన్నో పరిశోధనల్లో తేలింది. అప్పటికే ఉన్నవాళ్ళకైతే ఎవరో ఆ మాటను పేరు పెట్టి పలకడమే ఊరటగా ఉంటుంది. అన్నాళ్ళూ దాన్ని ఒంటరిగా మోశారు కదా.

ఎలా అడుగుతారన్నది ముఖ్యం. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అంటే, లేవు అనే జవాబును మనమే అందించినట్టు. శిక్షణ పొందినవాళ్ళు మామూలు గొంతుతో ‘బతకాలని లేదు అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?’ అంటారు. ఔనంటే తర్వాతి ప్రశ్నలు ఉంటాయి: ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా నిర్ణయించుకున్నారా, ఇంతకుముందు ప్రయత్నించారా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు. ఆలోచన రావడానికీ, ఈ రాత్రి చేయాలనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఫోనులో ఉన్నవాళ్ళు ముందుగా కొలిచేది ఆ దూరాన్నే.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక చిన్న ప్రణాళిక రాసుకుంటారు. కాగితం మీద, ఆ పిల్లల మాటల్లోనే. పరిస్థితి బిగుసుకుంటోందని నాకు ఏ గుర్తును బట్టి తెలుస్తుంది (‘మెసేజీలకు జవాబివ్వడం మానేస్తాను’ అని ఒకరు రాశారు), అప్పుడు నా అంతట నేను ఏం చేయగలను, ఎవరి దగ్గరికి వెళ్ళి ఊరికే కూర్చోగలను, ఎవరితో విప్పి చెప్పగలను, ఏ నంబరుకు చేయాలి. ఇంట్లో ప్రమాదకరమైనవి ఏమున్నా అందకుండా చేయడం కూడా అందులో భాగమే. ఆ తీవ్రమైన ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. కాబట్టి అమ్మగారూ, కారణం ఏదైనా సరే, ఇంట్లో మిగిలిపోయిన పాత మందులు ఏమైనా ఉంటే ఇవాళే తాళం వేసి పెట్టండి. దీనికి అమ్మాయితో చర్చ అవసరం లేదు.

మీ అమ్మాయి ఇందుకే ఫోను చేసిందని నేను అనడం లేదు. పిల్లలు స్నేహితురాలితో గొడవ, పరీక్షల భయం, నిద్రలేమి, ఎవరో ఫోటో పెట్టి ఏడిపించడం, ఇలా నూరు కారణాలకు చేస్తారు.

నిర్వాహకులు
గురువారం, మధ్యాహ్నం 2:05

చర్చ ఈ మలుపు తీసుకుంది కాబట్టి ఒక మాట. చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే తోడు కావాలంటే ఈ చర్చలో జవాబు కోసం ఆగకండి. భారతదేశంలో టెలి మానస్ 14416, ఉచితం, రాత్రింబవళ్ళు, తెలుగులో కూడా మాట్లాడతారు. అమెరికాలో 988కు కాల్ గానీ మెసేజీ గానీ చేయవచ్చు. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123. అక్కడే పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకు చైల్డ్‌లైన్ 0800 1111. ఐరోపాలోని చాలా దేశాల్లో పిల్లల హెల్ప్‌లైన్ 116 111. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే మీ దేశపు అత్యవసర నంబరుకే చేయండి.

పద్ధతుల వివరాలు దయచేసి ఎవరూ రాయవద్దు. ఒక వ్యాఖ్య తొలగించాం.

గణాంకాల_గోల
గురువారం, సాయంత్రం 5:31

సూటిమాట గారి ప్రశ్నకు 1953లోనే జవాబు దొరికింది, అదీ అనుకోకుండా.

చాద్ వరా అనే ఇంగ్లండ్ మతగురువు 1935లో తన చేతుల మీదుగా జరిపిన తొలి అంత్యక్రియ ఒక పద్నాలుగేళ్ళ బాలికది. మొదటిసారి రుతుస్రావం అయితే అదేదో చెడ్డ రోగమనుకుంది. అడగడానికి మనిషి లేక ప్రాణం తీసుకుంది. ఆ సంగతి ఆయన్ని వదల్లేదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1953 నవంబరు 2న, లండన్‌లోని తన చర్చి నుంచి ఫోను ద్వారా ఆదుకునే సేవ మొదలుపెట్టాడు. అదే సమారిటన్స్. వచ్చినవాళ్ళు తన గది బయట ఎదురుచూసేటప్పుడు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు వలంటీర్లను పెట్టుకున్నాడు. కొద్ది రోజుల్లోనే ఒక సంగతి గమనించాడు: ఆ టీ ఇచ్చేవాళ్ళతో మాట్లాడాక చాలామంది ఆయన్ని కలవకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు. 1954 ఫిబ్రవరికల్లా వినే పనంతా వాళ్ళకే అప్పగించేశాడు. ఊకొట్టేవాళ్ళ విలువ అలా బయటపడింది.

పిల్లలకే ప్రత్యేకంగా బ్రిటన్‌లో చైల్డ్‌లైన్ 1986 అక్టోబరులో మొదలైతే, తొలి రాత్రే సుమారు 50,000 సార్లు పిల్లలు ఆ నంబరు కలపడానికి ప్రయత్నించారు. అందరికీ కలవలేదు, అది వేరే విషాదం. అమెరికా 988, భారతదేశపు టెలి మానస్ రెండూ 2022లో వచ్చినవే.

ఇక ఇవి పనిచేస్తాయా అంటే: అమెరికాలో 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆత్మహత్య ఆలోచనలతో ఫోను చేసిన 1,085 మందిని కాల్ మొదట్లోనూ చివర్లోనూ అవే ప్రశ్నలు అడిగి చూశారు. కాల్ ముగిసేసరికి తీవ్రత తగ్గింది. కొన్ని వారాల తర్వాత మళ్ళీ దొరికినవాళ్ళలో నిరాశ, మనోవేదన ఇంకా తగ్గాయి. అయితే అలా దొరికింది మూడింట ఒక వంతు మందే. కొందరిలో ఆలోచన తిరిగి వచ్చింది కూడా. కాబట్టి నేను దీన్ని పెద్ద విజయంగా డప్పు కొట్టను.

సమస్య ఎంత పెద్దదో చెప్పి ఆపుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళ మరణాలకు కారణాల్లో 2021లో ఆత్మహత్య మూడో స్థానంలో ఉంది. ఇంతమందికి సరిపడా మనోవైద్యులు చాలా దేశాల్లో లేరు.

సూటిమాట
గురువారం, సాయంత్రం 6:10

టీ కథ బాగుంది. కానీ మీరే ఒప్పుకున్నారు, కొందరిలో ఆలోచన తిరిగి వచ్చిందని. ఆ రాత్రి గడుస్తుంది సరే. మర్నాటి సంగతి?

క్యూలో_నాలుగోవాణ్ణి
గురువారం, రాత్రి 8:47

నాది ఇంకో రకం అనుభవం, ఇదీ చెప్పాలి. రెండేళ్ళ క్రితం, అప్పుడు నాకు పంతొమ్మిది. ఏ సంస్థో చెప్పను. ధైర్యం చేసి నంబరు నొక్కితే ‘మీరు వరుసలో నాలుగో స్థానంలో ఉన్నారు’ అని రికార్డింగు, తర్వాత సంగీతం. ఇరవై రెండు నిమిషాలు. ఎవరో ఎత్తాక పేరు, వయసు, ఊరు, ఫారం నింపుతున్నట్టు వరుసగా అడిగారు. నేను ఒక మాట అంటే దాన్నే తిప్పి నాకు చెప్పారు. ‘నాకు దేనిమీదా ఆసక్తి లేదు’ అంటే ‘అంటే మీకు దేనిమీదా ఆసక్తి లేదన్నమాట’ అన్నారు. మూడోసారికి నాకు నవ్వొచ్చింది. పెట్టేశాను.

ఆ రోజు ఆ నవ్వే కాపాడిందేమో, తెలియదు.

పాత_వలంటీరు
గురువారం, రాత్రి 9:30

తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చెప్పిన మాటను తిరిగి చెప్పడం శిక్షణలో నేర్పే ఒక పనిముట్టు. కొత్తవాళ్ళు, అలసిపోయినవాళ్ళు దాన్ని చిలకపలుకు చేసేస్తారు. అన్ని వేళలకన్నా ఎక్కువ కాల్స్ వచ్చేది రాత్రి. వలంటీర్లు దొరకనిది కూడా రాత్రే. ఒక బరువైన కాల్ తర్వాత పదిహేను నిమిషాలు ఫోను పక్కన పెట్టి, తోటివాళ్ళతో మాట్లాడి లేవాలన్నది మా దగ్గర నియమం. రద్దీ ఉన్నప్పుడు ఆ పదిహేను నిమిషాలకే మొదట ఎసరు వస్తుంది. ఆ తర్వాతి కాల్ చేసినవాళ్ళకు నీకు దొరికినట్టే అరిగిపోయిన మనిషి దొరుకుతాడు. నేను మానేసింది కూడా, ఒక రాత్రి నా గొంతు నాకే రికార్డింగులా వినిపించడం వల్ల.

సూటిమాట గారు అడిగిన మర్నాటి సంగతి: మంచి హెల్ప్‌లైన్లు ఒప్పుకున్నవాళ్ళకు ఒకటి రెండు రోజుల్లో తిరిగి ఫోను చేస్తాయి, దగ్గర్లోని వైద్యుల వివరాలు ఇస్తాయి. అన్నీ చేయవు. ఈ విషయంలో మీతో నాకు తగాదా లేదు.

చాట్_మాత్రమే
గురువారం, రాత్రి 11:58

అమ్మగారూ, నాకిప్పుడు ఇరవై. మీ అమ్మాయి వయసులో నేనూ ఇదే పని చేశాను, కాకపోతే చాట్‌లో. గోడ అవతల మా వాళ్ళు పడుకునేవారు, గొంతు వినిపిస్తుందని భయం. దుప్పటి కప్పుకుని, తెర వెలుగు పూర్తిగా తగ్గించుకుని టైపు చేసేదాన్ని. ఏడుస్తూ టైపు చేయవచ్చు, అవతలివాళ్ళకు తెలియదు, అదొక సౌకర్యం. నాకు బాగా గుర్తున్నది ఏమిటంటే, ఒక పెద్ద పేరా రాసి, చెరిపి, ‘ఏం లేదు’ అని పంపాను. అవతలినుంచి ‘చాలాసేపు టైపు చేసినట్టు కనిపించింది. అందులోంచి ఒక్క వాక్యం పంపగలరా?’ అని వచ్చింది. పంపాను.

మా అమ్మకు ఎందుకు చెప్పలేదంటారా? చెబితే తను కుప్పకూలుతుందని. తర్వాత తనని ఓదార్చే పని కూడా నా మీదే పడుతుందని. మీరు పరాయివాళ్ళని కాదు, మరీ సొంతవాళ్ళు కాబట్టి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. మొహం తెలియనివాళ్ళ కాళ్ళ మీద పడితే మర్నాడు భోజనాల దగ్గర వాళ్ళ మొహం చూడక్కర్లేదు.

అయినా నాలుగైదు చాట్‌ల తర్వాత అమ్మకు చెప్పింది కూడా వాళ్ళ వల్లే. ‘ఇంట్లో ఒకరికి చెప్పాలంటే మొదటి వాక్యం ఏమిటి?’ అని అడిగి, నాతోనే రాయించారు. నాలుగుసార్లు మార్చాం. అసలు చెప్పేటప్పుడు అదేమీ గుర్తు రాలేదు, ఏదో వాగేశాను.

తరగతి_గది
శుక్రవారం, ఉదయం 6:40

పైన చెప్పిన ‘మొదటి వాక్యం’ సంగతి నేను అరువు తీసుకుంటున్నాను.

ఉపాధ్యాయురాలిని. మా బడి గోడ మీద హెల్ప్‌లైన్ నంబరు కార్యాలయం ఎదురుగా అంటించి ఉండేది. అక్కడ నిలబడి నంబరు రాసుకుంటే అందరూ చూస్తారు, ఏ పిల్లా ఆగదు. మరుగుదొడ్ల తలుపుల లోపలివైపు అంటించమన్నాను. మొదట నవ్వారు. కాగితం కింద చించుకునే చీటీలు పెట్టాం, వారంలో సగం అయిపోయాయి. ఎవరు తీశారో తెలియదు, తెలియకూడదు.

పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ‘ఇంట్లో చెప్పేస్తారా?’ అన్నదే. దీని నియమాలు పాత_వలంటీరు గారు చెబితే బాగుంటుంది.

పాత_వలంటీరు
శుక్రవారం, ఉదయం 7:25

మామూలుగా చెప్పరు. మినహాయింపులు ఉంటాయి: ఆ క్షణంలో ప్రాణం మీదికి వస్తోందనిపించినా, పిల్లల మీద ఎవరైనా దౌర్జన్యం చేస్తున్నారని తెలిసినా ఆ రహస్యం తమలోనే ఉంచుకోలేరు. ఎవరికి చెప్పాలి, ఎంతవరకు అన్నది దేశాన్ని బట్టి, సంస్థను బట్టి మారుతుంది. నిజాయితీ గల చోట ఈ హద్దును ముందే చెబుతారు. పిల్లలు అడగవచ్చు కూడా: ‘ఏ సందర్భంలో మీరు బయటికి చెబుతారు?’ అని. ఈ ప్రశ్నకు నీళ్ళు నమిలితే అది మంచి హెల్ప్‌లైన్ కాదు.

మనోవైద్య_విద్యార్థి
శుక్రవారం, మధ్యాహ్నం 12:50

అమ్మగారి చివరి ప్రశ్న మిగిలిపోయింది, చెప్పాలా వద్దా అని. చెప్పండి అనే నా అభిప్రాయం. దాచితే, రేపెప్పుడో మీ మాటల్లో దొర్లుతుంది, అప్పుడు నిఘా పెట్టారనుకుంటుంది. కానీ ‘ఎందుకు చేశావు?’ అని మొదలుపెట్టకండి. చూశాను, అనుకోకుండా చూశాను, చేసినందుకు కోపం లేదు. అంతవరకే. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు, ఏదో పని చేసుకుంటూ పక్కపక్కన ఉన్నప్పుడు.

నిద్రపట్టని_అమ్మ
ఆదివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మందుల డబ్బా గురువారమే తాళం వేశాను.

నిన్న సాయంత్రం ఇద్దరం ఉతికిన బట్టలు మడతపెడుతుండగా చెప్పాను. నేను వల్లించుకున్న మాటలన్నీ తారుమారయ్యాయి. తను తల ఎత్తకుండా ‘ఎన్ని నిమిషాలో కూడా చూశావా?’ అంది. చూశానన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. నాకు నోట్లో మాటలు తోసుకొస్తున్నాయి, ఆ పెన్సిలు చప్పుడు తలుచుకుని ఆపుకున్నాను. నిజంగానే ఎంత కష్టమో! ఒక దుప్పటి మూడుసార్లు మడతపెట్టి మూడుసార్లు విప్పాను.

తర్వాత చెప్పింది. మొత్తం కాదు. రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదట, బడిలో ఒక గుంపు తనని పూర్తిగా వదిలేసిందట, పొద్దున లేవాలంటేనే భయమట. ప్రాణం గురించిన ప్రశ్న కూడా అడిగాను, మామూలు గొంతుతో అనే అనుకుంటున్నాను. ‘అంత దూరం లేదమ్మా, వాళ్ళూ అదే అడిగారు’ అంది.

సూటిమాట
ఆదివారం, రాత్రి 9:40

మంచి పని చేశారు. హెల్ప్‌లైన్ల మీద నా అనుమానం పూర్తిగా పోలేదు, ఆ ఇరవై రెండు నిమిషాల సంగీతం నన్ను వదలడం లేదు. కానీ ఊకొట్టడం గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డాక్టరును ఎప్పుడు కలుస్తున్నారు?

నిద్రపట్టని_అమ్మ
ఆదివారం, రాత్రి 9:52

మంగళవారం సాయంత్రం 5 గంటలకు. కౌన్సెలర్ వివరాలు ఆ రాత్రి హెల్ప్‌లైన్‌వాళ్ళే ఇచ్చారట, తన నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసి ఉంది. నేను బయట కూర్చుంటాను.